సిగరెట్‌నీ గంజాయిలాగే నిషేధిస్తే పోదా?

మీరు అడిగింది ఇది: సిగరెట్ పెట్టె మీద క్యాన్సర్ బొమ్మ వేయించేదీ ప్రభుత్వమే, ఆ పెట్టెను అమ్మనిచ్చేదీ ప్రభుత్వమే. జేబులో గంజాయి పొట్లం దొరికితే మాత్రం కేసు. పొగాకునీ ఒక్క జీవోతో నిషేధిస్తే పీడ వదులుతుంది కదా, ఎందుకు చెయ్యరు? దీనికి తోకలాగా ఇంకో మాట కూడా రాశారు. హాస్టల్లో మీ స్నేహితుడు గంజాయికి అలవాటు పడ్డాడని, ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసులకు తెలిసిపోతుందేమోనని భయంగా ఉందని. నాకు ఆ తోకే ముఖ్యం అనిపించింది. దానికి చివర్లో వస్తాను.

ముందు సూటిగా జవాబు. పొగాకుని పూర్తిగా నిషేధించినంత మాత్రాన పొగాకు పోదు. గంజాయి తాగేవాణ్ని కోర్టు చుట్టూ తిప్పినంత మాత్రాన గంజాయీ పోలేదు. రెండింట్లోనూ పనిచేసేవి అవే: సరుకు దొరకడం కష్టం కావాలి, కొనాలంటే జేబు మండాలి, మానాలనుకున్నవాడికి దగ్గర్లో ఒక తలుపు తెరిచి ఉండాలి. చట్టం పేరు నిషేధమా, నియంత్రణా అన్నది ఆ తర్వాతి సంగతి.

నేను సైకియాట్రిస్టుని. ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లు డీ-అడిక్షన్ వార్డు చూశాను. అందులో ఆరేళ్లు జిల్లా పొగాకు నియంత్రణ కమిటీలో కూడా ఉన్నాను. అంటే చలానాలు రాసేవాళ్లతోనూ తిరిగాను, చేతులు వణుకుతూ వార్డుకి వచ్చినవాళ్లతోనూ కూర్చున్నాను.

నిషేధం అంటే ఎలా ఉంటుందో మా తరానికి పుస్తకాల్లో చదవాల్సిన పని లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. అప్పుడు నేను కాకినాడలో వైద్య విద్యార్థిని. యానాం అక్కడికి ముప్పై కిలోమీటర్లు. అది పుదుచ్చేరి కిందకి వస్తుంది కాబట్టి అక్కడ నిషేధం లేదు. సాయంత్రం యానాం బస్సు సీట్ల కింద ఏముందో కండక్టరుకీ తెలుసు, ప్రయాణికులకీ తెలుసు. క్యాజువాలిటీకి నాటుసారా తాగి పడిపోయినవాళ్లు వచ్చేవారు. ఖజానా ఖాళీ అయింది, 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. అయితే ఒకటి దాచకూడదు. మా హాస్టల్లో వంట చేసే ఆవిడ, పెళ్లయ్యాక తాను కంటినిండా పడుకున్నది ఆ మొదటి కొన్ని నెలలే అని చెప్పేది. కాబట్టి నిషేధం వల్ల ఏమీ జరగదని నేను అనను. మొదట్లో జరుగుతుంది. ఆ తర్వాత సరుకు ఇంకో దారి వెతుక్కుంటుంది.

పొగాకు మీదే ఈ ప్రయోగం చేసిన దేశం ఉంది. భూటాన్ 2004లో పొగాకు అమ్మకం ఆపేసింది. 2010లో కఠిన చట్టం కూడా తెచ్చింది. మరుసటి ఏడాది నమిలే పొగాకు పొట్లాలు దొంగతనంగా తెచ్చుకున్నాడని ఒక యువ బౌద్ధ భిక్షువుకి మూడేళ్ల జైలు పడింది. అంత చేసినా సరిహద్దు అవతల మన దేశం నుంచి పొగాకు వెళ్తూనే ఉండేది. కోవిడ్ రోజుల్లో ఆ దొంగరవాణాతో పాటు వైరస్ కూడా వస్తోందని భయపడి అమ్మకాలకి తలుపు తెరిచారు. 2021లో చట్టమే మార్చారు. కోవిడ్ అప్పుడే దక్షిణాఫ్రికా మార్చి చివరి నుంచి ఆగస్టు దాకా సిగరెట్లు ఆపింది. ఆ నాలుగున్నర నెలల్లో దొంగ సరుకు వ్యాపారం బాగా పాతుకుపోయింది.

అంత దూరం ఎందుకు, మన గుట్కా సంగతే చూడండి. మనం నిషేధం అనుకునేది కాగితం మీద ఎలా ఉందో తెలిస్తే సగం జవాబు దొరుకుతుంది. 2011 ఆహార భద్రతా నిబంధనల్లో ఒక వాక్యం ఉంది: ఏ ఆహార పదార్థంలోనూ పొగాకు గానీ నికోటిన్ గానీ కలపకూడదు. గుట్కా కూడా తినేదే కాబట్టి ఆహారమే అని పట్టుకుని 2012 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ మొదట ఆపింది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆపింది. ఆహార భద్రతా కమిషనర్ ఇచ్చే ఆ ఉత్తర్వు ఒక ఏడాదికి మించి చెల్లదు. ఏటా మళ్లీ ఇవ్వాలి. ఈలోగా కంపెనీలు చేసిన పని ఏంటంటే, ఒక పొట్లాన్ని రెండు చేశాయి. ఒకదాంట్లో పొగాకు లేని పాన్ మసాలా. ఇంకో చిన్నదాంట్లో జర్దా. కొట్టువాడు రెండూ కలిపి చేతిలో పెడతాడు, కొన్నవాడు నోట్లో కలుపుకుంటాడు. గుట్కా తయారయ్యే చోటు ఫ్యాక్టరీ నుంచి మన నోటికి మారింది, అంతే.

నా ఓపీలో ఒక లారీ డ్రైవరు నవ్వుతూ చెప్పిన మాట: "నిషేధం పెట్టాక ఇబ్బందేం లేదు సార్, రేటే డబుల్ అయింది." ఆ రేటు పెరిగిన డబ్బు ప్రభుత్వానికి రాలేదు. దాడికి వెళ్లే రోజు ముందే కొట్టువాడికి ఫోన్ చేసేవాడి జేబులోకి వెళ్లింది. పన్నుతో పెంచిన ధరకీ, నిషేధంతో పెరిగిన ధరకీ తేడా ఇక్కడే ఉంది.

ఇప్పుడు ఈ అంకెలు చూడండి. దేశవ్యాప్తంగా పెద్దల మీద రెండు సర్వేలు జరిగాయి, ఒకటి 2009-10లో, ఇంకోటి 2016-17లో. పొగతాగేవాళ్లు 14 శాతం నుంచి 10.7కి తగ్గారు. నమిలే పొగాకు వాడేవాళ్లు 25.9 నుంచి 21.4కి తగ్గారు. అంటే నిషేధించని సిగరెట్టు, బీడీల వైపు దాదాపు పావు వంతు తగ్గితే, గుట్కా నిషేధం ఉన్న వైపు ఆరో వంతు తగ్గింది. నమిలే పొగాకులో గుట్కా ఒక భాగమే, ఖైనీ లాంటివి చాలాచోట్ల దర్జాగా అమ్ముతారు కాబట్టి ఈ పోలిక మరీ సూటిది కాదు. అయినా "నిషేధిస్తే చాలు" అనేవాళ్లకి నేను చూపించేది ఇదే. పదిహేను నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో పొగాకు వాడకం దాదాపు 10 శాతం నుంచి 4కి పడింది. మొత్తం మీద వాడేవాళ్లు అప్పటికి ఇంకా 26 కోట్లు పైనే. 26 కోట్ల మంది రేపు పొద్దున ఒకేసారి నేరస్థులైపోతే ఏ పోలీసు స్టేషను సరిపోతుంది?

మరి పొగతాగడం ఎలా తగ్గింది? 2001లో మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ వద్దంది. 2003లో పొగాకు అమ్మకాన్నీ వాడకాన్నీ అదుపు చేసే కోట్పా చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి ఆఫీసుల్లో, హోటళ్లలో, బస్సుల్లో పొగ ఆపే నిబంధనలు గట్టిగా అమల్లోకి వచ్చాయి. 2016 నుంచి పెట్టె మీద 85 శాతం హెచ్చరికే, బొమ్మా రాతా కలిపి. మీ వయసువాళ్లకి గుర్తుండదు గానీ, నా చిన్నప్పుడు బస్సులో పక్క సీటాయన మన మొహం మీద పొగ వదిలితే కిటికీ తెరుచుకోవాల్సింది మనమే. ఇప్పుడు అలా ఎవరైనా చేస్తే బస్సంతా అరుస్తుంది. ఆ అరుపు తెచ్చింది చట్టమే, 200 రూపాయల జరిమానా మాత్రం కాదు.

ఆ జరిమానా గురించి ఒక పిట్టకథ. బడికీ కాలేజీకీ వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదు. మా కమిటీ ఒక జూనియర్ కాలేజీ గేటు దగ్గర టేపు పట్టుకుని కొలిచింది. టేపు సరిగ్గా ఒక బడ్డీ కొట్టు మధ్యలో ఆగింది. చలానా రాశాం. మర్నాడు వెళ్తే ఆయన కొట్టుని నాలుగడుగులు వెనక్కి జరిపి, పిల్లలు నిలబడ్డానికి ముందు ఒక బల్ల వేశాడు! బల్ల వంద గజాల లోపల, సిగరెట్లు బయట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తమాషా ఏంటంటే, పద్దెనిమిదేళ్లు నిండనివాడికి సిగరెట్ అమ్మితే కోట్పా కింద 200 రూపాయలే గానీ, అదే పనికి 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 77 కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా పడొచ్చు. పుస్తకంలో పులి ఉంది, రోడ్డు మీద పిల్లి తిరుగుతోంది. ఆరేళ్లలో మా కమిటీ ముందుకి సెక్షన్ 77 కేసు ఒక్కటీ రాలేదు.

నన్నడిగితే ఇప్పుడు పొగాకులో చెయ్యాల్సిన మొదటి పని విడి సిగరెట్ల అమ్మకం ఆపడం. ఇది కొట్టిపారేసేంత చిన్న సంగతిలా కనిపిస్తుంది. కానీ ఆలోచించండి, పన్ను ఎంత పెంచినా పెట్టె కొనేవాడికే ఒక్కసారిగా తగులుతుంది. ఒక్కోటి కొనేవాడికి ఒక రూపాయో రెండో తేడా. 85 శాతం హెచ్చరిక కూడా పెట్టె మీదే ఉంది, కొట్టువాడి చేతిలోంచి వచ్చే ఒంటి సిగరెట్ మీద ఏ బొమ్మా లేదు. మొదటి సిగరెట్ పెట్టె కొని కాల్చినవాణ్ని నేను ఓపీలో ఇంతవరకు చూడలేదు. మహారాష్ట్ర 2020లో విడి అమ్మకం ఆపింది, అమలు అంతంత మాత్రమే. అమలు కష్టమే, ఒప్పుకుంటాను. కానీ కొట్టుకి లైసెన్సు పెట్టి, తప్పు చేస్తే ఆ లైసెన్సే పోతుందంటే దారిలోకి వస్తారు. 200 రూపాయలకి ఎవరూ భయపడరు.

రెండోది బీడీ. దేశంలో సిగరెట్ తాగేవాళ్లు 4 శాతమైతే బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. 2025 సెప్టెంబరు జీఎస్టీ కౌన్సిల్‌లో సిగరెట్టుని 40 శాతం శ్లాబుకి పంపి, బీడీ మీద పన్ను 28 నుంచి 18కి తగ్గించాలని నిర్ణయించారు. కారణం నాకు అర్థమవుతుంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వెళ్తే ఏ వాకిట్లో చూసినా ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. తెలంగాణ ప్రభుత్వం వాళ్లకి పింఛను కూడా ఇస్తోంది. ఆ కడుపు కొట్టమని ఎవరంటారు? కానీ బీడీ చవగ్గా ఉంటే సిగరెట్ మానినవాడు బీడీకి దిగుతాడు. ఊపిరితిత్తులకి బీడీ దయ చూపించదు. పన్ను పెంచి, ఆ డబ్బుతో వాళ్లకి వేరే పని నేర్పించడమే దారి. పింఛను ఇచ్చి పని అక్కడే ఉంచితే రోగం తాగేవాడికే ఉండిపోతుంది.

రైతు సంగతీ ఇలాంటిదే. మా బంధువులు ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు వేస్తారు. గుంటూరులో ఉన్న పొగాకు బోర్డు వాళ్లకి ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ల లైసెన్సులు, విస్తీర్ణం కోటా, వేలం కేంద్రాలు చూస్తోంది. అది కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉంటుంది. కోట్పా చూసేది ఆరోగ్య శాఖ. ప్రభుత్వ బీమా సంస్థ ఎల్‌ఐసీ చేతిలో సిగరెట్లు చేసే ఐటీసీ షేర్లు 15 శాతం దాకా ఉన్నాయి. "ఎందుకు నిషేధించరు" అన్న మీ ప్రశ్నకి పెద్దమనుషులు పైకి చెప్పని జవాబు ఇందులో కొంత ఉంది. 2025లో నల్ల బర్లీ పొగాకు కొనేవాడు లేక రైతులు రోడ్డెక్కారు, రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. పొగాకు వెయ్యమని ఎవరూ చెప్పనక్కర్లేదు, మానమంటే మాత్రం శనగకో కందికో గ్యారంటీ ధర చూపించాలి. మా బాబాయి మాటల్లో చెప్పాలంటే, "పొగాకు మానితే నువ్వు నాకు జీతమిస్తావట్రా డాక్టరూ?"

చట్టానికి అందని పొగాకు కూడా ఉందని మర్చిపోవద్దు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. అంటే చుట్ట నిప్పు ఉన్న కొనని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరదు, బూడిద రాలదు. దీనివల్ల అంగిలి కాలి, అక్కడ క్యాన్సర్ వస్తుంది. ఆ చుట్ట ఇంట్లో చుట్టుకున్నది. దానికి పెట్టె లేదు, బొమ్మ లేదు, పన్ను లేదు. ఒకావిడకి అద్దంలో ఆవిడ అంగిలి మీది తెల్లమచ్చ చూపించి రెండేళ్లు బతిమాలాను. మానలేదు. మూడో ఏడు వచ్చి, "బాబూ, నిప్పు బయటికి తిప్పేసినాను" అంది. నేను దాన్ని కూడా గెలుపుగానే రాసుకున్నాను. ఆ మచ్చ తర్వాత పలచబడింది. మంచి ఏఎన్ఎం ఉన్న ఊళ్లో జరిగే పని ఇది, ఏ సెక్షనూ చెయ్యలేదు.

నిషేధం ఎక్కడా వద్దని కూడా నేను అనను. 2019లో ఈ-సిగరెట్లని నిషేధించినప్పుడు సమర్థించాను, ఇప్పటికీ సమర్థిస్తాను. అలవాటు ఇంకా ఊళ్లోకి దిగకముందు తలుపు వేస్తే ఉపయోగం ఉంటుంది. కోట్ల మంది లోపలికి వచ్చాక వేస్తే వాళ్లతో కలిపి తాళం వేసినట్టే.

ఇక గంజాయి. 1985కి ముందు మన దేశంలో గంజాయి లైసెన్సు దుకాణాల్లో అమ్మేవారంటే మీరు నమ్మకపోవచ్చు. బ్రిటిష్ ప్రభుత్వం 1893లో ఒక కమిషన్ వేస్తే, మరుసటి ఏడాది అది ఏడు సంపుటాల నివేదిక ఇచ్చి, నిషేధం వద్దు, పన్నువేసి అదుపులో పెట్టండి అంది. మత్తుమందుల మీద 1961 అంతర్జాతీయ ఒప్పందానికి సంతకం చేసిన పుణ్యాన, గంజాయి ఆపడానికి దానిచ్చిన పాతికేళ్ల గడువు దగ్గరపడగానే 1985లో మత్తుమందుల చట్టం, అదే ఎన్‌డీపీఎస్, వచ్చింది. ఆకుతో చేసే భంగు అందులో చేరలేదు. మొక్క ఒకటే, పువ్వు కోస్తే జైలు, ఆకు నూరితే పండగ.

అలాగని గంజాయిని అమ్మనివ్వమని నేను చెప్పను. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు సైకోసిస్‌తో, గోడలతో మాట్లాడుతూ నా వార్డుకి వచ్చారు. అందరికీ అలా అవుతుందని కాదు, కానీ ఎవరికి అవుతుందో ముందు చెప్పలేం. నా అభ్యంతరం వేరే. ఈ చట్టం బరువుని చూస్తుంది, మనిషిని చూడదు. గంజాయి కిలో లోపు అయితే చిన్న పరిమాణం, ఏడాది దాకా శిక్ష. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, తక్కువలో తక్కువ పదేళ్లు, బెయిలు గగనం. పాడేరు వైపు కొండల్లోంచి 20 కిలోలు భుజాన మోసేది ఎవరు? రోజుకి కొంత ఇస్తామంటే వచ్చిన గిరిజన కుర్రాడు. విత్తనం ఇచ్చి, అడ్వాన్సు ఇచ్చి, వ్యాను మాట్లాడినవాడి చేతికి ఆకు వాసన కూడా అంటదు. వెనక డబ్బు పెట్టే అలాంటివాడి కోసం 27ఎ సెక్షన్ ఉంది, కానీ డబ్బు జాడ తియ్యడం కష్టం, మూట తూచడం సులువు.

2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ మన్యంలో ఏడు వేల ఎకరాలకు పైగా తోటలు కొట్టేశారు. మంచి పనే. తర్వాత సాగు చాలావరకు ఒడిశా వైపు జరిగింది, సరుకు మాత్రం మన రోడ్ల మీదే వెళ్తోంది. కొట్టేసిన చోట కాఫీ, మిరియాలు, రాజ్మా వేసుకున్నవాళ్లు నిలబడ్డారు. కాఫీ కాపుకి మూడు నాలుగేళ్లు పడుతుంది, గంజాయి ఆరు నెలల్లో డబ్బు చేతిలో పెడుతుంది. ఆ మధ్యలో మూడేళ్లు ఇల్లు ఎలా గడవాలన్నదే అసలు పాలసీ. మిగతాది కత్తిపని.

ఇంతకంటే బాధ పెట్టేది వాడేవాళ్ల విషయం. ఒక ఇంజినీరింగ్ కుర్రాడు, రెండో సంవత్సరం. గదిలో కొద్ది గ్రాములు దొరికాయి. కేసు, వాయిదాలు, కాలేజీ నుంచి సస్పెన్షన్. నా దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది నెలలు. గంజాయి మానలేదు, చదువు మాత్రం మానేశాడు. ఈ చట్టంలోనే 64ఎ అని ఒక సెక్షన్ ఉంది. వాడకం కేసో చిన్న పరిమాణం కేసో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరి, పూర్తి చేసుకుంటే ఆ కేసులో విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఆ కుర్రాడి వకీలుకి ఈ సెక్షన్ సంగతి చెప్పింది నేను. ఆయన పుస్తకం తెరిచి చూసి, "ఉందండోయ్" అన్నాడు.

పోర్చుగల్ 2001లో చేసింది దాదాపు ఇదే, కాకపోతే దేశం మొత్తానికి. పది రోజుల వాడకానికి సరిపడేంత లోపు దొరికితే కోర్టు కాదు, ఒక చిన్న కమిటీ ముందుకి పంపుతారు. అక్కడ అమ్మకం ఇప్పటికీ నేరమే, ఈ ముక్క చాలామంది మర్చిపోతారు. వాళ్లు చికిత్స మీద డబ్బు పెట్టారు కాబట్టి నడిచింది. మన దగ్గర 2019 జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందుతున్నారు. మంచాలు లేకుండా పోర్చుగల్ చట్టం ఒక్కటే దిగుమతి చేసుకుంటే కుర్రాళ్లు కోర్టు వరండాలోంచి లేచి రోడ్డు మీద కూర్చుంటారు.

ఇప్పుడు మీ స్నేహితుడు. చికిత్సకి వచ్చినవాడి పేరు మేం పోలీసులకి పంపం. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మత్తు వ్యసనాలు కూడా జబ్బు కిందే వస్తాయి, రోగి వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. జేబులో సరుకు పెట్టుకుని రావద్దని మాత్రం చెప్పండి. మానిన మొదటి వారం పది రోజులు నిద్ర పట్టదు, చిరాకు, కోపం, అన్నం సహించదు. ఆ రోజుల్లో గదిలో ఒంటరిగా వదలకండి, ఎక్కువమంది మళ్లీ మొదలుపెట్టేది అప్పుడే. ఎవరో తనని వెంబడిస్తున్నారనో, చెవిలో మాటలు వినిపిస్తున్నాయనో అంటే ఆ రోజే తీసుకురండి, ఆగొద్దు. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే మత్తు పదార్థాలకి 14446, మనసు బాగోకపోతే టెలీ-మానస్ 14416, సిగరెట్టో గుట్కానో మానడానికి 1800-11-2356. గంజాయిని సిగరెట్ పొగాకులో కలిపి కాలుస్తుంటే ఈ మూడో నంబరు కూడా అతనికి పనికొస్తుంది. గంజాయి ఒక్కటే మాన్పించి సిగరెట్ వదిలేస్తే, ఆ సిగరెట్ వెలిగించినప్పుడల్లా మళ్లీ అదే గుర్తొస్తుంది. రెండూ కలిపి మానమని చెప్పండి. వాళ్లింట్లో ఒక్కరికైనా తెలియాలి. నాన్నకి చెప్పడానికి భయమైతే ముందు అక్కకో బావకో చెప్పమనండి.